చేప ముట్టని ఇంట్లో చేప వాసన

1968లో చిక్కడపల్లిలో నాకు మందుల షాపు ఉండేది. ముందు కూరగాయల బండ్లు, పక్కన ఇరానీ హోటలు. నారాయణగూడ నుంచి అశోక్ నగర్ దాకా సగం ఇళ్ళ జబ్బులు నాకు తెలుసు. డాక్టర్లు రాస్తారు, షాపువాడు ఇస్తాడు, అంతేగా అనుకుంటారు. కానీ డాక్టరుకు చెప్పని సంగతులు జనం నాకు చెప్పేవాళ్ళు. నేను వాగుడుకాయని కావడమే కారణం కావచ్చు. ఆ వాగుడే ఒకసారి ఒక పెద్దమనిషి చేత కళ్ళనీళ్ళు పెట్టించింది.

ఆయన పేరు కామేశ్వరరావు. తెనాలి వైపు నుంచి వచ్చి అశోక్ నగర్‌లో స్థిరపడిన గుమాస్తా. కాలేయానికి కొవ్వు పట్టిందనీ, ఇలాగే వదిలేస్తే గుండెకూ మంచిది కాదనీ డాక్టరు ఆయనకు కోలిన్ ఉన్న లివర్ టానిక్‌ను పెద్ద మోతాదులో రాశారు. కోలిన్‌ను మా పుస్తకాల్లో మీథైల్ డోనార్ అంటారు. మీథైల్ అనే చిన్న రసాయనపు ముక్కను శరీరానికి దానం చేస్తుందన్నమాట. దాని సాయంతో కాలేయం తనలో పేరుకున్న కొవ్వును బయటికి పంపుకుంటుందని మాకు నేర్పారు.

మూడో సీసా కోసం వచ్చినప్పుడు ఆయన కౌంటరు మీదికి వంగగానే గుప్పున చేపల వాసన కొట్టింది. మా ఇంట్లో ఆదివారం వస్తే చేపల పులుసు ఉడకాల్సిందే. ఆ విషయంలో నా ముక్కుకు తిరుగులేదు.

“ఏం సార్, ఇయ్యాల పులుసు గట్టిగనే పడ్డట్టుంది!” అన్నాను నవ్వుతూ.

ఆయన మొహం పాలిపోయింది. “యాదగిరిగారూ, మీరు కూడానా!” అంటూ బెంచీ మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నారు.

పాపం, ఆయన పుట్టి బుద్ధెరిగాక చేప ముట్టలేదు. అయినా నెల రోజులుగా ఒంటి నుంచి అదే వాసన. రోజుకు మూడు స్నానాలు, సాంబ్రాణి పొగ, నోట్లో ఏలకులు, ఏం చేసినా పోలేదు. భార్య నమ్మింది గానీ తల్లి సూరమ్మగారు నమ్మలేదు. ఆఫీసు స్నేహితులు చెడగొట్టారని తీర్మానించి, ఆయన కంచం వరండాలో విడిగా పెట్టించారు.

“కంచం సంగతి పోనీండి,” అన్నారాయన. “ఇంకో పది రోజుల్లో మా నాన్న తద్దినం. చేపలు తిన్న చేత్తో పిండం పెట్టనివ్వనంటోంది అమ్మ. కవాడిగూడలో ఉన్న తమ్ముడితో పెట్టిస్తుందట. నాన్న పోయినప్పటి నుంచీ నేనే పెడుతున్నానండీ.”

అప్పుడు తట్టింది నా బుర్రకు. చదువుకునే రోజుల్లో ల్యాబ్‌లో పాత కోలిన్ డబ్బా మూత తీస్తే ఇదే వాసన! గబగబా పుస్తకం తిరగేశాను. ఉందండీ, ఒకే ఒక్క వాక్యం. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు కోలిన్‌ను విరగ్గొడితే చేప వాసన వేసే పదార్థం పుడుతుంది, కొందరి చెమటలో, ఊపిరిలో అది బయటపడుతుంది.

“మీ మందే సార్ దొంగ! డాక్టర్ సాబ్‌కు చెప్పి జర బంద్ పెట్టుండ్రి. రెండు మూడు దినాలల్ల వాసన పోతది.”

ఆయన మొహం వెలిగి, అంతలోనే వాడిపోయింది. “పోతే మా అమ్మ ఏమంటుందో తెలుసా? భయపడి తినడం మానేశాడంటుంది.”

మర్నాడు పొద్దున్నే కూరల సంచితో సూరమ్మగారే దిగారు. కొడుకు చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి వచ్చారు. నేను చెప్పిందంతా విని, సీసా మూత తీసి వాసన చూశారు.

“ఇందులో చేప వాసన లేదే?”

“కడుపులకు పోయినంక వస్తదమ్మా. కావాల్నంటే నేనే తాగి చూపిస్త.”

“నువ్వు తాగితే ఏం లాభం? ఆదివారం మీ ఇంట్లో ఏం వండుతారో బజారంతా తెలుసు.”

నాకు నవ్వాగలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. సీసా వంక కాసేపు చూసి, “నేను తాగుతాను. నేను చేపలు తిన్నానని ఎవడంటాడో చూస్తాను,” అన్నారు.

డాక్టరును అడిగితే, ఆవిడ ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు కాబట్టి నాలుగు రోజులు తాగినా పరవాలేదన్నారు. నా భయం వేరే. ఆ టానిక్ నా దగ్గర ఎంతోమంది కొన్నారు, ఇలాంటి ఫిర్యాదు ఎవరూ చేయలేదు. ఆవిడకూ రాకపోతే కామేశ్వరరావుగారు తల్లి కళ్ళల్లో అబద్ధాలకోరుగానే మిగిలిపోతారు.

అయిదో రోజు ఆవిడ వచ్చి మెట్ల మీదే ఆగిపోయారు. కొంగు బిగించి కప్పుకున్నారు. “ఏమయ్యా, ఇలా రా. నీ ముక్కుకు తిరుగులేదంటావుగా, చెప్పు.”

దగ్గరికి వెళ్ళాను. గుప్పుమంది!

“పులుసు గట్టిగనే పడ్డట్టుందమ్మా!”

పక్కున నవ్వారావిడ. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకున్నారు. “వాడు ఒట్టేసి చెప్పినా నమ్మలేదయ్యా. ముక్కూ నా పోలికే, మొండితనమూ నా పోలికే, ఆఖరికి ఇదీ నా పోలికేనా వెధవకి!” నాకు పట్టరాని సంతోషం వేసింది. పక్క హోటల్ నుంచి అందరికీ చాయ్ తెప్పించాను. ఆవిడ తాగలేదనుకోండి.

తల్లీ కొడుకులిద్దరూ మందు ఆపేశారు. తద్దినం నాటికి వాసన పోయింది, పిండం పెద్దకొడుకే పెట్టారు. తర్వాత డాక్టరు ఆయనకు మోతాదు బాగా తగ్గించి మళ్ళీ మొదలుపెట్టారు. ఆ సీసా కోసం వచ్చినప్పుడు ఆయన నవ్వుతూ చెప్పారు: “టానిక్ మొదలుపెట్టిన మూడో రోజు రాత్రి మా అమ్మ తన కంచం తెచ్చుకుని వరండాలో నా పక్కన కూర్చుందండీ. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఇద్దరికీ వడ్డించింది.”

అప్పటినుంచి షాపు మూసేదాకా, ఆ టానిక్ ఎవరు కొన్నా ఒక మాట చెప్పి ఇచ్చేవాణ్ణి: “దీంతోటి కొందరికి చేపల వాసనొస్తది, ఇంట్ల ముందే చెప్పుండ్రి.” ఆ రోజు నా ముక్కు తప్పు చెప్పలేదు. ఎందుకో అడగకుండా నవ్వింది నా నోరే.