గుట్ట మీద తీతువు గుడ్లు

కోడేరు దగ్గర మా ఊరి వెనక గుట్ట ఎక్కితే, పైన చదునుగా పెద్ద గడ్డిబీడు. ఎండాకాలం చివర అక్కా నేనూ పొద్దున్నే ఆ బీడంతా గాలించేవాళ్లం, తీతువు పిట్ట ఎక్కడ గుడ్లు పెట్టిందా అని. తీతువు కూస్తే కీడని లోకమంతా అంటుంది. మా నాన్నకు మాత్రం వాన కబురు చెప్పేది అదే. ఎండిన చెరువులో గుడ్లు పెడితే కరువు, గుట్ట మీద పెడితే వానలు పడి కాలమవుతుంది. కరువని తేలితే అమ్మానాన్నా కూలీలను తోలుకుపోయే మేస్త్రీ లారీ ఎక్కి ఎక్కడికో మట్టిపనికి పోయేవాళ్లు. మేము అవ్వ దగ్గర ఏడుస్తూ ఉండేవాళ్లం.

ఆ ఏడు బీడు మీద పడమటి గాలి తోస్తోంది. పూరేడు పిట్టలు గడ్డిలోంచి బుర్రున లేచాయి. ఇంకొంచెం ముందుకు పోగానే తీతువు మా నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు. అక్క గులకరాళ్ల మధ్య గుడ్లు చూసింది. ముట్టుకోకుండా ఒక్క పరుగున గుట్ట దిగింది.

"నాయినా, పైన్నే పెట్టింది! ఈసారి మీరు పోవద్దు!"

నాన్న మేస్త్రీకి రానని చెప్పి, దాచిన వేరుశనగ విత్తనమంతా విత్తాడు.

మృగశిరలో ఒక్క వాన పడింది. మొలకలు చూసి మురిసిపోయాం. ఆ తర్వాత మబ్బులు రావడం, పోవడమే. నేను రోజూ గుట్టెక్కి ఆకాశాన్ని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. చేను మాడిపోయాక అవ్వ నాన్నతో అంది: "చెరువుల పూడికమట్టి తవ్వుకుంట మనుషులు, బండ్లు తిరుగుతుంటే పిట్ట ఆడ ఎట్ల పెడ్తదిరా? బెదిరి గుట్టెక్కింది." ఆ బండ్లలో ఒకటి మాదే. అయినా ఎవరికీ తట్టలేదు.

గింజలు అయిపోయాయి. మేస్త్రీ మళ్లీ వచ్చాడు, పెద్దపిల్ల కూడా వస్తేనే పని ఇస్తానన్నాడు. అక్క బడి మానేసి లారీ ఎక్కింది. "ఏడ్వకే, ఉగాదికొస్త" అంది.

ఉగాదికి అమ్మానాన్నా ఇద్దరే వచ్చారు. అక్కకు జ్వరమొచ్చిందట, దవాఖాన దూరమట, పని జరిగే కట్ట పక్కనే మట్టి చేశారట. అక్కను పెట్టిన చోటికి తీసుకుపొమ్మని నాన్న కాళ్లు పట్టుకున్నాను.

"యాడనో నాకు తెల్వదు బిడ్డా" అన్నాడు. "లారీ ఎక్కిచ్చిన్రు, దించిన్రు. ఆ ఊరి పేరు అడగలె."