తాతాజీగారి కుర్చీకి కాపలా

తాతాజీగారు పెళ్ళికెళ్ళినా, దినానికెళ్ళినా తన కుర్చీ తనే పట్టుకెళ్తారు.

అది మామూలు కుర్చీ అయితే ఆయన భార్య సరోజినిగారు నిశ్చింతగా కాపురం చేసుకునేవారు. మస్కట్‌లో ఆయన పనిచేసిన ఆఫీసు మూసేసినప్పుడు తోటివాళ్ళంతా టీవీలూ ఏసీలూ తెచ్చుకుంటే, ఈయన దీన్ని తెచ్చుకున్నారు. స్టీలు గొట్టాన్ని వంచి చేసిన కుర్చీ. సీటుకీ వీపుకీ పేము అల్లిక. ముందుకాళ్ళు రెండూ కిందికి దిగి, నేలమీద వెనక్కి పాకి ఊరుకుంటాయి. వెనక కాళ్ళు లేవు.

"వెనకాలవి విరిగిపోయేయాండీ?" అనడిగాడు పాలుపోసే పోలయ్య.

"విరగలేదయ్యా. అసలు పెట్టలేదు."

"అయ్యో, గొట్టం చాల్లేదేమోనండీ!"

కూర్చుంటే బెత్తెడు కిందికి దిగుతుంది. లేవబోతే మెత్తగా పైకి తోస్తుంది. సాయంత్రాలు దానిమీద ఊగుతూ ఆయన సముద్రం అవతలి రోజుల్లోకి వెళ్ళిపోయేవారు. "అక్కడ ఇలాంటివి వరసగా ఉండేవి సరోజినీ. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఒక్కోదాంట్లో కూచుని చూసేవాణ్ణి."

ఇంట్లో ఊగినన్నాళ్ళూ గొడవ లేదు. రెండేళ్ళ కిందట ఉన్నట్టుండి ఆ కుర్చీ ఊరేగడం మొదలెట్టింది. మోపెడ్ వెనక తాడుతో కట్టేసి ఐనవిల్లి, కాట్రేనికోన, ఎక్కడ భోజనాలుంటే అక్కడికి. తీరా వెళ్ళాక ఆయన కూర్చునేదీ లేదు. "వరహాలమ్మగారూ, పిల్లలెక్కి గెంతేస్తారు. నేనొచ్చేదాకా మీరు కూచుని కాపలా కాద్దురూ" అంటూ వీధి చివరింటి భారీ పెద్దావిడకి అప్పగించి వంటల దగ్గర మాయమైపోతారు. విస్తళ్ళు ఎత్తేదాకా తిరిగి రారు.

పక్కవీధిలో తమ్ముడి కూతురు దుర్గాశ్రీ నిశ్చితార్థానికి మాత్రం సరోజినిగారు జాగ్రత్తపడ్డారు. కుర్చీని పెరట్లో కొబ్బరికాయల కొట్లో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నారు.

"కొత్త వియ్యాలవారండీ. నవ్విపోతారు. మా తమ్ముడి పరువు తియ్యకండి."

"నేనెందుకు తీస్తానే?"

"మీరు తియ్యరు. అది తీస్తుంది."

పందిట్లో ఆవిడ ప్రాణం హాయిగానే ఉంది, వరహాలమ్మగారు కనబడేదాకా. ఆ పెద్దావిడ పందిరి రాట పట్టుకుని నిలబడి ఉన్నారు.

"కూచోండి వరహాలమ్మగారూ."

"వద్దమ్మా, నిలబడితేనే బాగుంది." పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీని ఓరగా చూసి, ఆవిడ చెప్పులు వెతుక్కోసాగారు.

సరోజినిగారికి అప్పుడు తట్టింది. అల్లవరం పెళ్ళిలో ఇలాంటి ప్లాస్టిక్ కుర్చీయే ఆవిడ కింద కాళ్ళు బార్లా చాపేసింది. పందిరంతా ఘొల్లుమంది. ఆ తర్వాత ఆవిడ ఏ శుభకార్యానికీ గుమ్మం దాటలేదు, తాతాజీగారి కుర్చీ ఊళ్ళు తిరగడం మొదలెట్టేదాకా.

సరోజినిగారు గాడిపొయ్యి దగ్గరికి ఒక్క పరుగు తీసి, నోట్లో బూరె పెట్టుకున్న మొగుడి చేతిలో తాళంచెవి పెట్టారు.

"వెళ్ళి తెండి."

"మరి పరువు?"

"వెళ్తారా, నన్ను వెళ్ళమంటారా?"

అక్కణ్ణించి గుమ్మం దగ్గరికి. "ఎక్కడికండీ వెళ్ళిపోతున్నారు? కుర్చీ వచ్చేస్తోంది. మీరు లేకపోతే కాపలా ఎవరు కాస్తారు?"

వరహాలమ్మగారు ఆవిడ మొహంలోకి కాసేపు చూశారు. "ఆయ్, అదీ నిజమేనమ్మా" అని చెప్పులు విడిచేశారు.

మోపెడ్ పందిట్లోకే వచ్చేసింది. తాంబూలాలు అయ్యాక పెళ్ళికొడుకు తండ్రి పట్టు కండువా సర్దుకుంటూ వచ్చి, ఆ కుర్చీ చుట్టూ ఓ ప్రదక్షిణం చేశారు.

"బలే ఊగుతోందండీ. నన్నో నిమిషం కూచోనిస్తారా?"

వరహాలమ్మగారు మెత్తగా ఊగుతూనే తల అడ్డంగా తిప్పారు.

"ఏమీ అనుకోకండి బాబూ. డ్యూటీలో ఉన్నాను."