జిరాఫీ లేచేదాకా

ఏదైనా చోటు బాగుంటుందా అని అడిగితే మా అమ్మమ్మ ముందు అక్కడి బాత్రూం సంగతి చెబుతుంది. తలుపు ఎంత వెడల్పు, లోపల చక్రాల కుర్చీ తిరుగుతుందా, పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉందా. అక్కడ పూలున్నాయా, బొమ్మలున్నాయా అన్న చిల్లర విషయాలు ఆ తరవాతే.

ఆవిడ బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైంది. గొంతు మాత్రం ఇంకా రిటైరవలేదు. వంటగదిలోకి ఇద్దరం ఒకేసారి వెళ్తే చాలు, "ముందుకు జరగాలి, ముందుకు" అని అరుస్తుంది. రిటైరైన కొత్తలో కాలు విరిగి కొన్ని నెలలు చక్రాల కుర్చీలో గడిపింది. అన్నేళ్ళు బస్సులో తిరిగిన ఊరే, కుర్చీలోంచి చూస్తే మెట్లు తప్ప ఇంకేమీ కనబడలేదట. కాలు అతుక్కుంది గానీ కోపం తగ్గలేదు. వికలాంగుల సంఘానికి వెళ్ళి, "మిమ్మల్ని నెలకోసారి ఊరు తిప్పుతాను" అంది. వాళ్ళు అడగలేదు. వద్దనే ధైర్యమూ చెయ్యలేదు. వ్యాను నడిపే ఉద్యోగం నాకు అలా దొరికింది. జీతం ఏదని అడిగితే భోజనం పెడుతున్నాను కదా అంటుంది.

ప్రతి చోటా ముందుగా తాతయ్య మీద ప్రయోగం చేస్తుంది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుంటూ ఊరంతా పరీక్షిస్తుంది. "బరువు లేకపోతే రోడ్డు నిజం చెప్పదు" అంటుంది. తాతయ్యకు రెండు కాళ్ళూ శుభ్రంగా పనిచేస్తాయి. పేపరు చదువుకుంటూ ఊరేగుతాడు. ఒకసారి గ్రంథాలయం ముందు మెట్లు అడ్డొస్తే విసుగొచ్చి లేచి, కుర్చీని మడిచి చంకన పెట్టుకుని పైకెక్కేశాడు. చూస్తున్న ఒకావిడ చేతులు జోడించింది. ఇంకొకాయన, "ఏ డాక్టరండీ, ఏ డాక్టరు?" అంటూ వెంటపడ్డాడు. తాతయ్య వేలెత్తి అమ్మమ్మను చూపించాడు.

ఇంత వెతికితే ర్యాంపు, లిఫ్టు, సరైన బాత్రూం మూడూ ఉన్న చోట్లు ఊళ్ళో దొరికినవి ఇవీ: ఒక ఇన్సూరెన్సు ఆఫీసు, ఒక సోఫాల దుకాణం, కొత్తగా కట్టిన శవాల గది. సంఘం వాళ్ళు మొదటి రెండూ చూసి చూసి విసిగిపోయారు. రేడియోలు బాగుచేసే బాబాయ్ ఒకడున్నాడు. చూపు లేదు, నోరు మాత్రం ఇద్దరికి సరిపడా ఉంది. "వదినా, నాకు ఎక్కడికెళ్ళినా ఒకటే దృశ్యం. సోఫాలైతే కనీసం మెత్తగా ఉంటాయి" అన్నాడు. మూడో చోటికి మాత్రం, "తొందరేముంది, ఎలాగూ వెళ్తాం కదా" అన్నాడు.

సంఘంలోనే ఉన్న టైలరమ్మకు సోఫాలు అక్కర్లేదు. ఆవిడకు జిరాఫీ కావాలి. చిన్నప్పటినుంచీ కుర్చీలోనే ఉండి, చేత్తో తిప్పే మిషను మీద ఊళ్ళో సగం మందికి బట్టలు కుట్టిన మనిషి. "జూలో సింహం ముందు గోడ, ఏనుగు ముందు గోడ. నా ముక్కుకి ఎదురుగా గోడే కదక్కా కనిపించేది. గోడ మీదనుంచి తల పెట్టి నన్ను చూసేది జిరాఫీ ఒక్కటే" అంది.

దీని వెనక ఇంకో ఇబ్బంది ఉంది. ఎక్కడికైనా వెళ్ళాలంటే టైలరమ్మ ముందురోజునుంచే మంచినీళ్ళు మానేసేది. బాత్రూం దొరకదేమోనన్న భయం. సోఫాల దుకాణానికి కూడా అలాగే వచ్చి, ఇంటికెళ్ళి జ్వరంతో పడుకుంది. మూత్రపిండాలు పాడవుతాయని డాక్టరు తిట్టాడు. ఈసారి కూడా ఎండిపోయి వస్తే ఇక గుమ్మం దాటనివ్వనని కొడుకు తేల్చి చెప్పేశాడు.

జూ ఊరవతల ఉంది, తాతయ్యను అంతదూరం తొయ్యలేక అమ్మమ్మ ఈసారి ఫోను చేసింది. బాత్రూం ఉందా అంటే ఉందన్నారు. తలుపు వెడల్పేనా అంటే చాలా వెడల్పన్నారు. కడ్డీ ఉందట, నేల జారదట, పైగా వెచ్చగా ఉంటుందట. అమ్మమ్మ మురిసిపోయింది. లోపల ఎవరైనా ఉన్నారా అని అడగడం ఒక్కటే మరిచిపోయింది.

ఆ రోజు వ్యాను ఎక్కగానే టైలరమ్మకు సీసా అందించింది.

"తాగు."

"భయంగా ఉందక్కా."

"నా మాట మీద తాగు."

టైలరమ్మ సీసా మొత్తం తాగింది. జూ గేటు దగ్గర టీ కూడా తాగింది. తీరా బాత్రూం దగ్గరకు వెళ్తే తలుపుకి తాళం. లోపలినుంచి సన్నగా ఈలలు.

సూపర్వైజరు తాళాల గుత్తితో పరిగెత్తుకొచ్చాడు. "ఈము పక్షి పిల్లలండీ. జూ మొత్తం మీద వెచ్చగా, వెడల్పుగా, నేల జారకుండా ఉన్న గది ఇదొక్కటే."

"ఉండదా మరి? మావాళ్ళ కోసం కట్టింది."

"ఎవరూ వాడటం లేదు కదా అని..."

"ఈములుంటే ఎవరు వాడతారయ్యా?"

"ఇవి రాకముందు కూడా ఎవరూ వాడలేదండీ."

"అప్పుడు లోపల ఏమున్నాయి?"

సూపర్వైజరు తాళాల గుత్తి సవరించుకున్నాడు. "తాబేళ్ళు."

పిల్లల్ని కదపాలంటే పశువుల డాక్టరు సంతకం కావాలట. ఆయన సెలవులో ఉన్నాడట. అమ్మమ్మ గొంతు పెంచింది. సూపర్వైజరు రూలు చెప్పాడు. అమ్మమ్మ ఇంకా పెంచింది. ఎక్కడో పంజరంలో ఏదో జంతువు బదులు పలికింది.

టైలరమ్మ మాత్రం కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది. "ఇందుకేనక్కా నేను తాగనన్నది" అంది మెల్లగా.

అమ్మమ్మ నోరు మూతపడింది. అలా జరగడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. కాసేపటికి సూపర్వైజరు వైపు తిరిగి, "సరే, వాటిని కదపొద్దు. ఉన్నచోటే ఉండనీ. ఈవిడ కూడా లోపలికెళ్తుంది" అంది.

"కొత్త మనిషిని చూస్తే బెదిరిపోతాయండీ!"

"ఈవిడ బెదరట్లేదుగా. నీకేం నొప్పి? తియ్యి తలుపు."

"కావాలంటే నేను కాపలాకి వెళ్తాను. నేనేం చూడలేనుగా" అన్నాడు రేడియో బాబాయ్. అమ్మమ్మ అతని వీపు మీద ఒక్కటిచ్చింది.

తలుపు తెరిచి టైలరమ్మను పంపి మళ్ళీ మూశాం. లోపలినుంచి ఈలల మధ్యలో ఆవిడ గొంతు వినబడింది. "ఏయ్, అటు తిరుగు. నిన్నే, చారలోడా. సిగ్గులేదూ?" తరవాత నీళ్ళ చప్పుడు.

బయటికి వచ్చేసరికి ముఖం తేటపడింది. వెనకాల ఎనిమిది ఈము పిల్లలూ వరసకట్టి వస్తున్నాయి. వాటికి మేత తెచ్చేవాడు తోపుడు బండి మీద తెస్తాడట. చక్రం కనిపిస్తే చాలు, వెంటపడతాయట. సూపర్వైజరు ఒకదాన్ని పట్టుకుంటే రెండు జారిపోయాయి. చివరికి ఆయన కూడా వరసలో చివర నడిచాడు. దారిలో జనం సింహాన్ని వదిలేసి మమ్మల్ని చూశారు.

జిరాఫీ గోడ దగ్గరకు చేరాం. గోడ ఉంది. జిరాఫీ లేదు.

"ఉందండీ. పడుకుంది" అన్నాడు సూపర్వైజరు.

"ఎప్పుడు లేస్తుంది?"

"అది దాని ఇష్టమండీ."

ఇంకో రోజైతే, పోనీలే పదండి, ఇంటికెళ్దాం అనేవాళ్ళే. అందరూ టైలరమ్మ వైపు చూశారు. ఆవిడ తీరిగ్గా కుర్చీకి బ్రేకు వేసి, "నాకేం తొందర లేదు. ఇంకో టీ చెప్పండి" అంది. ఈము పిల్లలు చక్రాల చుట్టూ ముడుచుకుని పడుకున్నాయి. తాతయ్య పేపరు తీశాడు.

మూడో టీ మధ్యలో కొడుకు ఫోను చేశాడు. చెవి మందం కాబట్టి టైలరమ్మ స్పీకరు పెట్టే మాట్లాడుతుంది.

"అమ్మా, నీళ్ళు తాగావా?"

"తాగాన్రా. టీలు కూడా."

"మరి... బాత్రూంకి?"

"రెండుసార్లు వెళ్ళొచ్చా."

"తోడెవరైనా ఉన్నారా?"

"ఎనిమిది మంది ఉన్నారు. పిల్లలేలే. అటు తిరగమంటే మాత్రం ఒక్కడూ తిరగడు."

"అమ్మా, మీరసలు ఎక్కడికెళ్ళారు?"

టైలరమ్మ తలెత్తింది. గోడ మీద ముందు రెండు చిన్న కొమ్ములు లేచాయి. తరవాత చెవులు, ఆ తరవాత కళ్ళు, ఆ తరవాత అయిపోకుండా మెడ. జిరాఫీ తల వంచి, ఏదో నములుతూ, తిన్నగా ఆవిడ ముఖంలోకి చూసింది.

"పైనుంచి నన్ను అందరూ చూస్తారక్కా" అంది టైలరమ్మ, దాని మీదనుంచి చూపు తిప్పకుండా. "పాపం అననిది ఇదొక్కటే."

"అమ్మా? అమ్మా, ఎవరి గురించి ఆ మాట?"

"పెట్టేయరా, తరవాత చేస్తాను. ఇప్పుడే లేచింది."