సర్ఫింగ్ తీసేయమన్న కోటేశ్వరరావు గారు

2023 మార్చిలో మా ట్రావెల్ కంపెనీ నన్ను గుంటూరు నుంచి నరసరావుపేట బ్రాంచికి మేనేజరుగా వేసింది. మేనేజరంటే పెద్ద హోదా అనుకోకండి. ఇద్దరు అసిస్టెంట్లు, ఒక ఏసీ, నేను. అక్కడ ఎక్కువగా కాశీ, అరుణాచలం, జెరూసలేం యాత్రల బుకింగులే నడిచేవి. అలల మీద పలకెక్కి నిలబడే ఆట నేర్పించమని, వాన ఆగని అడవి చూపించమని అడిగిన కుటుంబం నా సర్వీసులో ఒక్కటే.

గురజాల దగ్గర మిర్చి రైతు కోటేశ్వరరావు గారు, ఆయన భార్య సుజాత గారు, కూతురు లావణ్య. లావణ్య నర్సింగు డిగ్రీ చివరి పరీక్షలు రాసింది. జులైలో హైదరాబాదులో ఆస్పత్రి ఉద్యోగంలో చేరాలి. చదువు పూర్తిచేస్తే నీకు నచ్చిన చోటికి తీసుకెళ్తానని తండ్రి మాటిచ్చాడు. ఆ పిల్ల సర్ఫింగ్ అంది. తల్లికి అడవి కావాలి. మే నెలలో ఒక్కరోజన్నా వానలో తడిసి రావాలని ఆమె కోరిక. పల్నాడు ఎండలు ఎరిగినవాళ్ళకి దాన్ని వివరించక్కర్లేదు.

మా పనిలో మొదట తేల్చాల్సింది సీజను. మిర్చి కోసి, ఎండబెట్టి, అమ్ముకునేదాకా రైతు కదలడు. అంటే మే చివరి వారం. అలలూ వాన అడవీ రెండూ దగ్గరలో దొరికేది శ్రీలంకలో. శ్రీలంక అనగానే చాలామంది ఏజెంట్లు కళ్ళు మూసుకుని పడమటి తీరం రాసేస్తారు. ఆ రోజుల్లో అక్కడ నైరుతి రుతుపవనాలతో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. తూర్పు తీరంలో అరుగం బే దగ్గర అలలు ఆటకు అనువుగా వచ్చేది అప్పుడే. అందుకని చెన్నై నుంచి కొలంబో, అక్కణ్ణుంచి సింహరాజ అడవి, ఆ తర్వాత అరుగం బే అని ఐటినరరీ, అంటే ఏ రోజు ఎక్కడ ఉండాలో చెప్పే పట్టిక, వేశాను. అడవిలో జలగలుంటాయి, పొడుగు మేజోళ్ళు కొనుక్కోమన్నాను. జలగలకి జడిసేవాణ్ణయితే వ్యవసాయమే చేసేవాణ్ణి కాదని కోటేశ్వరరావు గారు నవ్వారు.

ఆ వారంలోనే ఆయన ఒక్కరే మళ్ళీ వచ్చారు. తలుపు వైపు ఒకసారి చూసుకుని, "మేడం గారూ, ఆ అలల ఆట ఒక్కటి తీసేయండి. పిల్ల అడిగితే ఖాళీల్లేవని చెప్పండి" అన్నారు.

బుకింగులో మొదటి పేరున్న మనిషిని లీడ్ ప్యాసింజర్ అంటాం. ఏది కలపాలన్నా, ఏది తీసేయాలన్నా ఆయన మాటే చెల్లుతుంది. తీసేయడానికి నాకు అభ్యంతరం లేదు. అబద్ధం చెప్పడానికి ఉంది. పైగా నాకు ఒళ్ళు మండింది. కూతురికిచ్చిన మాట వెనక్కి తీసుకునే ధైర్యం లేక ఆ పని నా నెత్తిన పెడుతున్నాడనిపించింది. తీసేస్తాను గానీ ఎందుకు తీసేశారో మీ అమ్మాయికి మీరే చెప్పుకోవాలన్నాను.

అప్పుడు చెప్పారు ఆయన అసలు సంగతి. ఆయన చిన్నాన్న కొడుకు నాగార్జునసాగర్ కుడికాలవలో స్నానానికి దిగి పోయాడట. ఈత వచ్చినవాడే. "కాలవ సంగతి మీకు తెలవదమ్మా. గట్టుకి సిమెంటు, దానిమీద పాచి. పట్టుకుందామంటే గడ్డిపోచ ఉండదు. కాలవే ఇట్టయితే సముద్రం ఎట్టుంటదో."

నా కోపం దిగిపోయింది. ఆయన భయం న్యాయమైనదే. కాకపోతే ఆయన సముద్రాన్ని కూడా కాలవలాగే ఊహించుకుంటున్నారు. కాలవ మనిషిని కిందికి లాక్కుపోతుంది, గట్టెక్కనివ్వదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళను దింపేది నడుంలోతు ఇసుక తీరంలో. అక్కడ విరిగిన అల ఒడ్డు వైపే నెడుతుంది. పక్కకు లాగే ప్రవాహాలూ ఉంటాయి. అవి లేని చోటు చూసి దింపడం శిక్షకుడి పని. ఈ ముక్క నేను చెబితే ప్యాకేజీ అమ్ముకోవడానికి చెప్పినట్టుంటుంది. నేనేమైనా పలకెక్కానా?

అందుకని అక్కడి శిక్షకుడికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను. అతని భాష తమిళం. మిర్చి యార్డులో తమిళ వ్యాపారులతో బేరాలాడీ ఆడీ కోటేశ్వరరావు గారికి ఆ భాష పట్టుబడింది. లోతెంత, కింద ఇసకా రాయా, పిల్ల పడితే పట్టుకునేదెవరు అని మొహమాటం లేకుండా అడిగారు. అతను విసుక్కోలేదు. మొదటి పాఠం పొడి ఇసుక మీదేననీ, సముద్రం బాగాలేకపోతే ఎవరినీ దింపననీ, కావాలంటే తండ్రి కూడా కూతురితో పాటు నేర్చుకోవచ్చనీ చెప్పాడని ఆయనే నాకు తెలుగులో వివరించారు.

ఫోన్ పెట్టేశాక ఆయన ఇద్దరికి రాయమన్నారు. రెండోది సుజాత గారికా అన్నాను.

"నాకేనమ్మా. ఒడ్డున నిలబడి చూస్తా ఉండటం నావల్ల కాదు."

మనసు మారినా, సముద్రం మారినా దానికి బదులు పడవ షికారు ఇవ్వాలని వోచరులో షరతు రాయించాను. చిన్నాన్న కొడుకు సంగతి లావణ్యకు చెప్పి తీరాలని ఆయన్ని ఒప్పించాను. మర్నాడు ఆ పిల్ల ఫోన్ చేసి, మా నాన్న పొట్టకు సరిపడే లైఫ్ జాకెట్ దొరుకుతుందా అని అడిగింది.

జూన్‌లో కోటేశ్వరరావు గారు కారంపొడి పొట్లం పట్టుకుని ఆఫీసుకొచ్చారు. అడవిలో సుజాత గారు గొడుగు మూసేసి, గైడు బతిమాలేదాకా వానలోనే నిలబడ్డారట. సముద్రంలో మొదటి అలకే ఈయన బోర్లా పడ్డారు. లేచి చూసుకుంటే మోకాలి లోతులో ఉన్నారు. "నీళ్ళే నన్ను తెచ్చి ఒడ్డున పెట్టినయ్యమ్మా" అన్నారు, నమ్మలేనట్టు. పడేదాకా ఒక చేత్తో కూతురి పలక పట్టుకునే ఉన్నారట. ఆ తర్వాత వదిలేశారు. లావణ్య లేచి నిలబడింది.

రిటైరయ్యేదాకా, ఎవరైనా ఒక అంశం తీసేయమంటే నేను వెంటనే కొట్టేయలేదు. వాళ్ళు దేన్ని చూసి భయపడ్డారో ముందు అడిగేదాన్ని. అడిగాక కూడా కొందరివి తీసేయాల్సే వచ్చింది. మిగతావాళ్ళు వెళ్ళొచ్చారు.