నల్లా కాడ జారినవాళ్ళు

ఠాణాకు నాలుగోసారి పోయే రోజున రాజవ్వ మోకాళ్ళకు కొబ్బరినూనె పట్టించి, పాత చీర పేలికలు చుట్టుకుని బయల్దేరింది. కామాటిపుర పదకొండో గల్లీలో, చాల్ అనే పాత అద్దెగదుల మేడలో, మూడో అంతస్తులో ఆమె గది. కిందికి యాభైరెండు మెట్లు. మెట్టుకో తిట్టు తిట్టుకుంటూ దిగింది. మొదటి తిట్లు ఆ మెట్లు కట్టినవాడికి. కట్టినవాడు, కూలికి వలసొచ్చి ఈ గల్లీలు కట్టిన ఆమె ముత్తాతల్లోనే ఒకడై ఉంటాడు, అయినా వదల్లేదు. తర్వాతివి ప్రియాంక మొగుడు నరేష్‌కు. చివరి నాలుగైదు తనకు తనే తిట్టుకుంది. వెనకాల, ఎడమచేతికి పిండికట్టుతో ప్రియాంక మెల్లగా దిగుతోంది.

రాజవ్వది బ్యాగులకు జిప్పులు కుట్టే పని. మునిసిపల్ స్కూల్లో ఏడో తరగతి దాకా మరాఠీ చదివింది, అదే ఆమె చేసిన పాపం. రేషన్ కార్డు కావాలన్నా, ఆసుపత్రి చీటీ చదవాలన్నా, మొగుడు కొడితే ఫిర్యాదు రాయించాలన్నా గల్లీ మొత్తానికి ఆమే దిక్కు. ముప్పై ఏళ్ళుగా పిలుస్తూనే ఉన్నారు. రాను అని చెప్పడం ఆమెకు ఇప్పటికీ చేతకాలేదు.

ప్రియాంక మహబూబ్‌నగర్ వైపు నుంచి కట్టడాల పనికి వచ్చిన పిల్ల. మేస్త్రీతో నవ్వుతూ మాట్లాడిందని మొగుడు నరేష్ పది రోజుల కింద పారకర్రతో కొట్టాడు. చెయ్యి విరిగింది. అప్పటినుంచి ఆమె రాజవ్వ గదిలోనే పడుకుంటోంది. నరేష్ మాత్రం దర్జాగా పనికి పోతున్నాడు. ఆదివారం అన్నలను వెంటబెట్టుకొచ్చి దాన్ని ఊరికి ఈడ్చుకుపోతానని కబురు కూడా పెట్టాడు. ఇవాళ శుక్రవారం. ఎఫ్ఐఆర్ అయితే తప్ప పోలీసులు వాడి జోలికి పోరు. ఎఫ్ఐఆర్ రాయమంటే, చిన్న గొడవల కింద ఒక చీటీ రాసిస్తాం తీసుకుపొమ్మంటున్నారు.

దానికి కారణం ఆసుపత్రి కాగితం. నల్లా దగ్గర జారిపడింది అని అందులో రాసి ఉంది.

ఆ మాట చెప్పించింది ఎవరనుకున్నారు? రాజవ్వే! కొట్టాడని చెబితే ఆసుపత్రికి పోలీసు వస్తాడు, పొద్దుగూకేదాకా కూర్చోబెడతాడు, తర్వాత పోవాల్సింది మళ్ళీ ఆ మొగుడున్న గదికే. అందుకని చాల్ ఆడవాళ్ళు చెయ్యి విరిగినా, పెదవి చిట్లినా నల్లా కాడ జారిన అంటారు. నీళ్ళు పట్టుకునే ఆ చోట బండలు పాకుడు పట్టి ఉంటాయి కాబట్టి ఎవరూ తిరిగి అడగరు. ఆ రోజు టాక్సీలో ప్రియాంక ఏడుస్తుంటే, రాజవ్వ నోటికి అలవాటుగా అదే మాట వచ్చింది. ఆలోచించనే లేదు. మూడుసార్లు ఠాణాకు వచ్చి కూడా ఆ సంగతి ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే తనమీద కేసు పడుతుందని భయం. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది, దాన్ని మనసులో కూడా పైకి రానివ్వలేదు.

ఠాణాలో బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి ఇటు రావడం లేదు.

"పోదాం పా పెద్దమ్మా," అంది ప్రియాంక. "నాకోసం ఎన్ని దినాలు తిరుగుతవ్? ఆదివారం ఆనితోనే ఊరికి పోత. ఏమైతె గదైతది."

"నోర్ముయ్యి! పోతదట!" అని కసిరింది రాజవ్వ. కసిరిందే గానీ ఆమెకూ అదే అనిపించింది. ఇంటికి పోయి పడుకోవాలనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

ఎస్సై సారిక మేడం పిలిచింది. చెడ్డమనిషి కాదు, ఆమె కళ్ళ కింద కూడా నిద్రలేని నలుపు ఉంది. "మావశీ, నాలుగోసారి చెప్తున్నా. కాగితంలో ఇట్లా ఉంటే నేనేం చెయ్యను? కోర్టులో వాడి వకీలు ముందు దీన్నే పట్టుకుంటాడు," అంది మరాఠీలో.

రాజవ్వ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. తనూ మరాఠీలోనే మొదలుపెట్టింది.

"దెబ్బ తగిలిన టైం చూడు మేడం. మధ్యాహ్నం రెండున్నర అని ఉంది. మా చాల్‌లో నల్లా పొద్దున అయిదింటికి వస్తుంది, ఆరున్నరకు పోతుంది. రెండున్నరకు అక్కడ బండ ఎండిపోయి ఉంటుంది. ఎట్లా జారుతుంది?"

సారిక మేడం కాగితం దగ్గరికి లాక్కుని చూసింది. "మరి ఈమె ఎందుకట్లా చెప్పింది?"

"నేను చెప్పమన్నా."

"నువ్వా? ఇన్నిసార్లు వచ్చి ఇప్పుడా చెప్పేది? సరే, వాంగ్మూలం ఇస్తావా?"

"ఇస్తా."

మేడం కాగితాలు ముందుకు లాక్కుంది. "అట్లా చెప్పాలని నీకెవరు నేర్పారు?"

"మా అత్త."

"ఎప్పుడు?"

ఇదిగో, ఈ ప్రశ్నకే కదా ఇన్నాళ్ళూ భయపడింది. రాజవ్వ గోడకేసి చూస్తూ చెప్పింది. "పెళ్ళయిన ఏడాదే. నా పక్కటెముక విరిగినప్పుడు. తర్వాత నాకు నేనే చెప్పుకున్నా. ఆరుసార్లో ఏడుసార్లో."

"భర్త పేరు?"

నలభై ఏళ్ళ కాపురంలో ఆమె మొగుణ్ణి పేరు పెట్టి అన్నది లేదు. ఏమయ్యా అనో, మా ఇంటాయన అనో గడిపేసింది.

"ముత్తయ్య," అంది.

తర్వాత పనులు వాటి తీరున నడిచాయి. ప్రియాంక మొదటినుంచి మళ్ళీ చెప్పింది, పారకర్ర దగ్గర ఆగి ఏడ్చింది, రాజవ్వ మరాఠీలోకి మార్చి చెప్పింది. సాయంత్రం ఆరింటికి స్టాంపు పడిన ఎఫ్ఐఆర్ నకలు ప్రియాంక చేతికిచ్చారు. రేపు పొద్దున్నే నరేష్ పనిచేసే చోటికి మనుషుల్ని పంపుతానంది సారిక మేడం. ప్రియాంక ఆ కాగితాన్ని జాకెట్లో దోపుకుని, మళ్ళీ తీసి చూసుకుని, మళ్ళీ దోపుకుంది. దారంతా అదే పని.

యాభైరెండు మెట్లు ఎక్కేసరికి రాజవ్వకు ప్రాణం కడబట్టింది. గడప దగ్గర ముత్తయ్య దగ్గుతూ కూర్చున్నాడు. రాళ్ళు కొట్టే పనిలో రాతిపొడి మింగిన ఊపిరితిత్తులు, ఇప్పుడు ఈగను కొట్టే ఓపిక కూడా లేదు. రాజవ్వ చాయ్ పెట్టి గ్లాసు చేతికిచ్చింది.

"అయిందా పోరి పని?"

"అయింది. కాగితం ఇచ్చిండ్రు."

"ఇన్ని దినాలు ఇయ్యనోళ్ళు ఇయ్యాల ఎట్ల ఇచ్చిండ్రు? ఏం చెప్పినవ్?"

"నల్లా మాట నేనే చెప్పిచ్చిన అని చెప్పిన. నాకెట్ల ఎరుకనో గది గూడ చెప్పిన."

ముత్తయ్య గ్లాసు కింద పెట్టాడు. లోపల ప్రియాంక కాగితం మడతలు విప్పుతున్న చప్పుడు వినబడుతోంది.

"నా పేరు రాసిండ్రా?"

"రాసిండ్రు," అంది రాజవ్వ. "చాయ్ తాగు, సల్లగైతది."