గురిగింజ మందు

నైజాం రోజుల్లో ఒకసారి అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కాను. పక్కన కూర్చున్న పెద్దాయన అడగకుండానే నా చేతిలోని డబ్బీ లాక్కుని మూత తీశాడు. నాకు ఒళ్ళు మండింది.

"గురిగింజ మందు. ఎవరికి?" అని ఆయనే కసిరాడు.

"మా చెల్లెకు. రూపాయి బిళ్ళంత జాగల వెంట్రుకలు ఊడినయి. పేను కొరికింది."

"పేనును చూసినవా నువ్వు?"

ఆయన టోపీ తీసి తల వంచాడు. నడినెత్తిన కాలిన తోలులాంటి నున్నటి మచ్చ.

"నాకు రెండు జాగల ఊడినయి, బేటా. ఈడ మా హజామోడు, మంగలోడే, గరుకు గుడ్డతోని రుద్ది గిదే మందు పెట్టిండు. పుండయింది. మళ్ల మొలవలే." వేలు చెవి వెనక్కి జరిపాడు. అక్కడ జుట్టు ఒత్తుగా ఉంది. "గీడ పెట్టనియ్యలే. దానంతటదే వచ్చింది."

"మీకేం ఎరుక? మీరేమన్న డాక్టరా?" అని అరిచాను. బస్సంతా మావైపు తిరిగింది. ఆయన డబ్బీ నా ఒళ్ళో పడేసి హుస్సేనీ ఆలంలో దిగిపోయాడు.

ఆయన మీద కోపం ఆ వారమే, చెల్లెలి తల మీద పుండు చూసిన రోజున పోయింది. డబ్బీలో మందు అప్పటికే సగం అయిపోయింది. మొదటిసారి పెట్టినప్పుడు, మంట అన్నా మంట అని చెల్లెలు ఏడుస్తుంటే, తల కదలకుండా అదిమి పట్టుకున్నది నేనే.