మలుపులో మెడ తిప్పడం

అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరితోటలో కాయ దింపుకి వచ్చిందో లేదో చూద్దామని తలెత్తాను. చెట్లన్నీ గిర్రున తిరిగాయి. నేను కొబ్బరికాయల వ్యాపారిని, తలెత్తి గెలలు చూడటమే నా పని. పైత్యం చేసిందనుకుని, ఇంటికెళ్లి అల్లం రసం తాగి పడుకున్నాను.

మర్నాడు మౌంటెన్ బైక్ వేసుకుని కాలవ గట్టెక్కాను. ముచ్చటపడి కొనుక్కున్న సైకిల్ అది. గట్టు చటుక్కున వంగే చోట పక్క తోటలో నిండు గెలలు కనబడ్డాయి. పాడు అలవాటు, తలెత్తి చూశాను. ఆకాశమెటో నీళ్లెటో తెలియలేదు. సైకిల్‌తో సహా కాలవలో పడ్డాను. కళ్లు తెరిచినా చీకటే. పైకి వస్తున్నాననుకుని అడుగున బురద తవ్వుతున్నాను. గేదెల్ని కడుగుతున్న ఒకాయన నా జుట్టు పట్టుకుని పైకి లాగాడు.

అమలాపురంలో సీటీ స్కాన్ తీశారు, నార్మల్ అన్నారు. తర్వాత ఈఎన్‌టీ డాక్టరుగారు నన్ను గబుక్కున వెనక్కి పడుకోబెట్టి కళ్లలోకి చూశారు. "వర్టిగో అండీ. బీపీపీవీ అంటారు. లోపలి చెవిలో సన్నటి రవ్వలుంటాయి, అవి చోటు తప్పేయి" అని, నా తలను అటూ ఇటూ తిప్పి, రవ్వల్ని వాటి చోటికి చేర్చే ఎప్లీ మనూవర్ చేశారు. తగ్గింది. కొన్నాళ్లకి తిరగబెట్టింది. మళ్లీ చేశారు.

జబ్బు పోయినా నా మెడ బిగుసుకుపోయింది. ఎవరైనా పిలిస్తే మనిషిని మొత్తం తిరిగేవాణ్ణి. తలెత్తకుండా తోట బేరమాడే వ్యాపారిని ఎవరు నమ్ముతారు? బతుకుతెరువు పోతుందని భయం, తలెత్తాలంటే అంతకంటే భయం. తల మీద నీళ్లు పోసుకున్నప్పుడల్లా వేళ్లకి ఆ బురద తగిలేది.

"ఇప్పుడు చెవిలో ఏమీ లేదండీ. మీరే తల తిప్పడం మానేసేరు" అన్నారు డాక్టరుగారు. సైకిల్ తొక్కవచ్చా అని అడిగితే, "ముందు ఖాళీ నేల మీద తొక్కండి" అన్నారు.

మా ఆవిడ కళ్లంలో కొబ్బరి పీచు డొక్కలు మలుపులా గుండ్రంగా పేర్చింది. మలుపు తిరగబోతే సైకిల్ తిన్నగా వాటిమీదికే పోయేది.

"కళ్లు తిప్పుతున్నారు గానీ తల తిప్పట్లేదండీ. డొక్కల్ని కాదు, నన్ను చూడండి" అని మలుపు అవతల నిలబడింది.

ముందే బ్రేకు వేసి వేగం తగ్గించాను. పళ్లు బిగించి ఆమెవైపు తల తిప్పాను. సైకిల్ దానంతటదే నా చూపు వెనకాల వచ్చింది.

"ఆయ్, అలాగండీ!" అంది. సైకిల్ దిగి ఏడ్చేశాను.

ఇప్పుడు తోటలకి వెళ్తున్నాను. గెలలు మాత్రం సైకిల్ దిగి, చెట్టు పట్టుకుని చూస్తాను. గట్టు మీద ఆ మలుపు వచ్చేసరికి చెవుల్లో నీళ్లు నిండినట్టవుతుంది.

నాలాంటివాళ్లకి చెప్పేది ఒక్కటే. తల తిరిగితే డాక్టరుకి చూపించుకునేదాకా సైకిల్ ఎక్కకండి. నయమయ్యాక భయం కూడా పోవాలని కూర్చోకండి. నాది పోలేదు. భయపడుతూనే తల తిప్పుతున్నాను.